తువ్వాల కింద లక్షా అరవై

దయానంద్ నా గురించి చెడ్డగా ఒక్క మాట అనలేదు. నా ఫిర్యాదు అదే. నలుగురిలో తిట్టి ఉంటే ఆ నలుగురికే తెలిసేది, మాపటికి మరిచిపోయేవాళ్లు. ఆయన నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెప్పును ఎవరి ఫోన్‌లోనైనా తెరుచుకునేట్టు పెట్టాడు. నా పేరు, ఊరు, సరుకు, ధర, అన్నీ సరిగ్గా రాశాడు. ఎక్కడైనా ఒక్క తప్పు రాసినా నేను బతికిపోయేవాణ్ణి.

నా పేరు ఖండప్ప. మాది హుమ్నాబాద్ దగ్గర దుబల్గుండి. ఏడో తరగతిలో కన్నడ మాస్టరు చెయ్యి విరగ్గొడతానన్నాడు. ఆ చెయ్యి మా నాయనకు అవసరమని బడి మానేశాను. నాయన ఎడ్ల దలాలి. తరవాత నేనూ అదే.

ఎడ్ల దలాలికి ఉండవలసిన సామాను ఒక్క తువ్వాల. మా అంగడిలో ధర నోటితో అనరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కప్పుకొని దాని కింద చెయ్యీ చెయ్యీ కలుపుతారు. వేళ్లు పట్టడమే మాట. లక్ష పైన బేరమని ఒప్పుకున్నాక ఒక్కో వేలు పదివేలు, చెయ్యంతా పడితే యాభై. చుట్టూ వందమంది నిలబడి చూసినా వాళ్లకు కనిపించేది తువ్వాలే. బేరం తెగకపోయినా సరుకు చెడదు, ఇంకొకడి దగ్గర మళ్లీ మొదలుపెట్టవచ్చు. నలుగురి ముందు నోటితో అనేసిన ధర నమిలిన పాన్ లాంటిది, ఇంకొకడు నోట పెట్టడు అనేవాడు నాయన.

మా నాయనకు ఇంకో పద్ధతి ఉండేది. ఎడ్ల సొంతదారు ఎన్ని వేలకు తక్కువ ఇవ్వనన్నాడో అన్ని జొన్న గింజలు తువ్వాల కొసకు ముడి వేసుకొని అంగడికి పోయేవాడు. అది ఆఖరి మాట. అంగట్లో ఆ ముడి విప్పడం, తీసి మళ్లీ కట్టడం ఉండదు. బేరమైనా కాకపోయినా సొంతదారు ముందరే విప్పాలి. ముడి లేకుండా తువ్వాల కిందికి ఉత్త చెయ్యి పంపేవాడు దలాలి కాదు, దొంగ అనేవాడు. నాయన పోయాక నేనూ అట్లాగే చేశాను. హుమ్నాబాద్ చుట్టుపట్ల మా ముడి సంగతి తెలియని రైతు లేడు.

పశువులకు గడ్డల రోగం వచ్చి అంగళ్లు బంద్ అయిన ఏడు నేను నౌబాద్‌లో ఒక పైపుల కార్ఖానాకు పగటి వాచ్‌మన్‌గా చేరాను. అద్దె ఇంటి వెనక రేకుల కొట్టంలో నా సొంత దేవణి జాతి ఎడ్ల జతను కట్టేశాను. తెల్లటి ఒళ్లు, నల్ల మూతి, నోట్లో పెద్ద పండ్లు నాలుగే వచ్చిన పడుచు వయసు. ఇంటి సొంతదారు పేడ వాసన అని రోజూ గొణిగేవాడు. ఆ పేడే తన గులాబీ కుండీలకు అడిగి తీసుకుపోయేవాడు. అది వేరే కథ.

దుబల్గుండిలో నాకు రెండెకరాల కంది చేను ఉంది. చేనుకూ రోడ్డుకూ మధ్య సిద్ధమ్మ భూమి ముక్క ఒకటి. నా బండి పోవాలన్నా, ఎడ్లు పోవాలన్నా అందులోంచే పోవాలి. మా నాయన కాలం నుంచీ ఆమె పోనిచ్చింది. ఆ ఏడు ఆమె జహీరాబాద్‌లో కూతురి దగ్గరికి పోవాలనుకుంది. ముక్క అమ్మేస్తానంది. హైవే మీద దాబా నడిపే భీమ్‌రావ్ అడిగాడు. ఆమె నన్ను పిలిపించింది.

"ఖండూ, ఆ దాబాయన కొంటే ముందుగల గోడ వెడ్తడు బిడ్డా. ఇగ నీ ఎడ్లు రెక్కలు గట్టుకొని పోవాలె చేనుకు. ఉగాది దాక ఆగుత. గంతల నువ్వు దెచ్చుకుంటే నీకే."

"జర తక్కువ జెయ్ పెద్దమ్మా."

"నాకు బేరం రాదు బిడ్డా. ఆయనకు ఏం జెప్పిన్నో నీకూ గదే జెప్పిన. నా మాట ఒక్కటే."

చేతిలో ఉన్నదీ, నా భార్య అనసూయమ్మ పుస్తెల తాడు తప్ప మిగతా బంగారమూ పోగా, ఎడ్లకు లక్షా అరవై వస్తే ముక్క నాది. ఒక్క రూపాయి తగ్గినా భీమ్‌రావ్‌ది. కాబట్టి లక్షా అరవై నా ఆఖరి మాట అయింది. బేరం మీద లక్షా ఎనభై పలికే జత అది. నాకు భయం లేదు. లేనిది అంగడి.

ఫోన్ గ్రూపులో ఫొటో పెట్టి చూశాను. మొదటి ప్రశ్న "ఎంత?" రెండు వందల మంది చూస్తుండగా ఎంత అంటే ఏం చెప్తాం? నేను జవాబు ఇవ్వలేదు. ఒకడు "ధర జెప్పనోడు ఎడ్లెందుకు వెట్టిండు, పెండ్లికా?" అని రాశాడు. దానికి నూటికి పైగా నవ్వు బొమ్మలు వచ్చాయి.

అప్పుడు నా కళ్లు దయానంద్ మీద పడ్డాయి. కార్ఖానా పైఅంతస్తులో సాయంత్రాలు ఆయన వెబ్‌సైట్లు చేయడం నేర్పుతాడు. తెలంగాణ మనిషి, పగలు ఇక్కడే ఏదో కంపెనీలో నౌకరీ. చదువైపోయిన పిల్లలు, పెళ్లయినవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు వచ్చేవాళ్లు. షట్టర్ తాళం నా దగ్గర ఉండేది. నేను తాళం తీసి, వెనక బెంచీ మీద కూర్చునేవాణ్ణి. తాళం ఉన్నవాణ్ణి ఫీజు ఎవరడుగుతారు?

నాకు తొందరగానే వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. ఏ గుర్తు తెరిచినా దాన్ని మూయాలి, అంతే. మొదటి రోజు నేను ఒక గుర్తు మూయలేదు. పేజీ మొత్తం లావు అక్షరాలైపోయింది. పక్కన కూర్చునే మౌనశ్రీ చూసి, "కాకా, గేటు దీసి ఇడిసిపెట్టినవు" అంది. ఆమె అత్తగారికి పచ్చళ్ల వ్యాపారం, దానికి పేజీ చేయాలని వచ్చేది. కొట్టం గేటు తీసి వదిలితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తరవాత నేను ఒక్క గేటు కూడా తెరిచి వదల్లేదు.

దయానంద్ మా కోసం ఒక పేజీ పెట్టాడు. దాని పేరు "కొత్తగా నేర్చుకునేవాళ్లకు". పాఠాలు ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి, ఫొటో బరువు ఎట్లా తగ్గించాలి, ఏ రంగు మీద ఏ రంగు అక్షరాలు కనిపించవు, అన్నీ అందులో ఉండేవి. కింద కోడ్ తునకలు. ఒక్కో తునక ఒక్కో పని చేస్తుంది. ఒకటి ఫొటోను నడిమధ్యకు తెస్తుంది. ఒకటి ఫోన్ నంబరు మీద నొక్కగానే కాల్ కలుపుతుంది. ఇంకొకటి డబ్బాను దాచిపెట్టి, బటన్ నొక్కితే తెరుస్తుంది. తునకను ఎత్తి మన పేజీలో అతికించుకోవడమే. ఆ పేజీ మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. కత్తి కూడా మంచిదే.

నేను మూడు తునకలూ తీసుకున్నాను. పైన ఎడ్ల ఫొటో నడిమధ్య. కింద నా నంబరు. మధ్యలో ఎర్ర అంచు తువ్వాల ఫొటో, దాని వెనక దాచిపెట్టే డబ్బా. డబ్బాలో ఇట్లా రాశాను: ఖండప్ప, దుబల్గుండి, దేవణి జత, ఆఖరి మాట లక్షా అరవై వేలు. రాసి, డబ్బాను తెరిచే బటన్ తీసేశాను.

దయానంద్ నా వెనక నిలబడి చూశాడు.

"అన్నా, బటన్ ఏది?"

"తీసేసిన సార్."

"బటన్ లేకుంటే లోపలిది ఎవ్వరికీ కనిపియ్యది గదనే."

"కనిపియ్యొద్దు సార్. కానీ ఉండాలె."

"కనిపియ్యంది రాసుడెందుకు? ఖాళీ తువ్వాల ఫొటో పెట్టు, సరిపాయె."

"ఖాళీ తువ్వాల పెడితే దొంగతనం సార్."

నేను నాయన సంగతి, ముడి సంగతి చెప్పాను. ఆయన కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. క్లాసు మొత్తాన్ని ఇటు తిప్పాడు. "వింటున్నరా? గీయన డిజైన్ జేసిండు. మీరు ఏడాది నుంచి రంగులు మారుస్తున్నరు. క్యా బాత్ హై అన్నా!" అన్నాడు. మౌనశ్రీ చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. నా జన్మలో నాకు చప్పట్లు కొట్టింది అప్పుడే. ఆయన ఆ రోజు చెప్పవలసిన మాట ఒకటుంది. చెప్పలేదు. చప్పట్లు కొట్టాడు.

ఆ వారమే "కొత్తగా నేర్చుకునేవాళ్లకు" పేజీలో ఒక కొత్త తునక చేరింది. దాని పేరు "ఖండప్పన్న తువ్వాల". కింద రెండు ముక్కలు: చూపకుండా ఉంచవలసింది ఎట్లా ఉంచాలో ఒక పెద్దమనిషి మనకు నేర్పాడు, ఎత్తి వాడుకోండి. నేను ఇంటికి పోయి అనసూయమ్మకు చూపించాను. ఆమె పప్పు పోపు ఆపి, చెయ్యి తుడుచుకొని చూసింది.

"పేరైతే మంచిగున్నది" అంది. "ఎడ్లెప్పుడు వోతయి?"

ఎడ్ల కోసం మనుషులు రావడం మొదలైంది. పేజీ పనిచేసింది. మొదట భాల్కి నుంచి ఒకాయన వచ్చాడు. పండ్లు చూశాడు, గిట్టలు చూశాడు, వీధి చివరిదాకా నడిపించి చూశాడు. మొహంలో ఇష్టం దాచుకోలేకపోయాడు. తువ్వాల కప్పాను. నేను చెయ్యంతా పట్టి ఆ మీద నాలుగు వేళ్లు పట్టాను. ఆయన రెండు వేళ్లు పట్టాడు. తరవాత మూడు. తరవాత నాలుగు. చెయ్యంతా పట్టి, వదిలేశాడు. నేను వేలు తగ్గించినా ఆయన చెయ్యి కదల్లేదు. "ఆలోచన జేస్కో అన్నా" అని నవ్వి బండెక్కాడు.

రెండో ఆయన హుమ్నాబాద్ నుంచి. అదే చెయ్యి. మూడో ఆయన అంతే. చెయ్యంతా పట్టడం, వదిలేయడం. ఆరో వేలు ముట్టినవాడు లేడు.

నేను ఇన్నేళ్లలో ఎన్నో చేతులు పట్టాను. బేరమాడే చెయ్యి ఊరికే ఉండదు. తడుముతుంది, ఆగుతుంది, నా వేళ్ల నుంచి ఏదో లాగాలని చూస్తుంది. ఈ చేతులు నన్ను ఏమీ అడగలేదు. ముందే అన్నీ తెలుసుకొని వచ్చి, పని ముగించుకొని పోయే చేతులు. నా తువ్వాల కింద నేనే కొత్తవాడిలా ఉన్నాను. గడ్డల రోగం భయమేమో అనుకున్నాను. సూది వేయించిన కాగితం చూపించాను. కాగితం ఎవరూ చూడలేదు.

నాలుగో మనిషి శ్రీశైల్. దుబల్గుండికి అవతలి ఊరి రైతు, నాయనకు ఎరిక. మర్యాదగల మనిషి. ఆయన చెయ్యి కూడా యాభై దగ్గర ఆగింది. నేను తువ్వాల తీయలేదు. చెయ్యి వదల్లేదు.

"శ్రీశైల్ భాయ్, అందరూ ఈడనే ఆగుతున్నరు. ఏమైంది నా ఎడ్లకు?"

"ఎడ్లకేమైంది, బంగారమసొంటి ఎడ్లు."

"మరి?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "నీ ఆఖరి మాట అరవై గదా అన్నా. ఆఖరి మాట దెలిసినంక గాడికెల్లి కిందికే గదా బేరం జేసేది. ఎవరైనా గంతే జేస్తరు. నువ్వే జెప్పు."

నా చెయ్యి తువ్వాల కిందే ఉండిపోయింది. "అరవై అని నీకెవరు జెప్పిండ్రు?"

"మా సోనాలి. నా బిడ్డ. గామె గూడ గిదే నేర్చుకుంటుంది ఫోన్ల. మీ సారు పేజీ జూసే నేర్చుకుంటుంది. నీ పేరు జూసి, నాయనా మన పక్కూరి ఖండప్ప కాక అని మస్తు ఖుషీ అయ్యింది. నాక్కూడ సదివి జెప్పింది."

"దాచిపెట్టినది గదా అది!"

"దాచినవా?" అన్నాడు శ్రీశైల్. నిజంగా ఆశ్చర్యపోయాడు. "గామెకైతే కనవడ్డది."

ఆ సాయంత్రం నేను షట్టర్ తాళం తీసి, దయానంద్ వచ్చేదాకా మెట్ల మీదే నిలబడ్డాను. విషయం చెప్పాను. ఆయన కంప్యూటర్‌లో నా పేజీ తెరిచి, దాని మీద కుడి బటన్ నొక్కి, ఏదో ఒకటి ఎంచాడు. ఇంకో పేజీ తెరుచుకుంది. అందులో నేను రాసిన గుర్తులన్నీ, తెరిచిన గేట్లూ మూసిన గేట్లూ వరసగా ఉన్నాయి. వాటి నడుమ నా పేరు, నా ఊరు, లక్షా అరవై.

"దాచుడంటే గింతే అన్నా. తెర మీద కనిపియ్యది. పేజీల మాత్రం ఉంటది. ఎవరి పేజీ అయినా గిట్ల లోపల జూడొచ్చు. నేర్చుకునెటోళ్లు గట్లనే నేర్చుకుంటరు. మొన్న గిదే పాఠం జెప్పిన గదా."

మొన్న లారీ వచ్చింది. కింద పైపులు దించుతుంటే నేను లెక్క చూస్తున్నాను. నేను లేనని ఆయనకు తెలుసు. తాళం చెయ్యి నేనే ఇచ్చి పోయాను.

"మరి నేను రాస్తుంటే చెప్పకపోతివి సార్?"

"నువ్వు నిజం ధర రాస్తవని నేననుకున్ననా అన్నా? ఉదాహరణకు రాసినవనుకున్న. ఎవడన్నా తన ఆఖరి ధర తన పేజీల రాస్కుంటడా?"

"ముడి అని చెప్పిన గదా!"

"చెప్పినవు. మంచిగున్నది కథ అనుకున్న."

కథ అనుకున్నాడట. నేను కోపం దిగమింగి, ముందు అది తీసెయ్యమన్నాను. తీసేశాడు. నా పేజీ నుంచీ, తన పేజీ నుంచీ రెండింట్లోంచీ తీసేశాడు. ఇంతలో మౌనశ్రీ తన కంప్యూటర్ నుంచి మెల్లగా చెయ్యి ఎత్తింది.

"కాకా, నా దాంట్ల గూడ ఉన్నయి నీ ఎడ్లు."

ఆమె అత్తగారి మామిడికాయ పచ్చడి కింద దాచిన డబ్బాలో ఖండప్ప, దుబల్గుండి, దేవణి జత ఉన్నాయి. తునక ఎత్తి అతికించింది, లోపలి రాత మార్చడం మరిచిపోయింది. ఎవరికీ కనిపించదు కదా అనుకుంది. పక్కన ఒకాయన కుట్టుమిషను రిపేరు పేజీ. అందులోనూ నా ఎడ్లే. ఒక ట్యూషన్ల పేజీ, ఒక పెళ్లి మేళం పేజీ. ఆ పేజీలోంచి ఇంకెవరో ఎత్తుకున్నారు. క్లాసుకు రానివాళ్లు, దయానంద్ కూడా ఎరగనివాళ్లు. ఆ ఏడు చుట్టుపట్ల కొత్తగా నేర్చుకున్న ప్రతివాడి పేజీ కిందా నా జత నిలబడి ఉంది. ఎడ్లు మాత్రం నా కొట్టంలో మేత మేస్తున్నాయి.

"పరేశాన్ గాకన్నా" అన్నాడు దయానంద్. "తీసుడు కష్టం గని మార్చుడు అల్కగ. రెండు లక్షలని పెడదం. గ్రూపుల మెసేజ్ జేస్త, అందరూ సరి జేస్కుంటరు. గప్పుడు ఎవరన్నా లోపల జూసినా రెండు లక్షలే కనవడ్తది. గాడికెల్లి కిందికి బేరమాడినా నీకు లాభమే."

నాకు అది మంచి ఆలోచనలాగే కనిపించింది. ఆయన చదువుకున్న మనిషి. "పెట్టు సార్" అన్నాను. ఆయన నా ముందే టైపు చేశాడు. "ముఖ్య గమనిక. ఖండప్పన్న ఆఖరి మాట మారింది. దయచేసి మీ పేజీల్లో లక్షా అరవై తీసి రెండు లక్షలు పెట్టుకోగలరు." చివర దండం పెట్టే బొమ్మ కూడా పెట్టాడు.

పిల్లలు మంచివాళ్లు. చాలామంది మార్చారు. ఆ మెసేజ్‌ను తమ ఊరి గ్రూపులకూ పంపారు, ఎవరి పేజీలోనైనా పాత ధర ఉండిపోతే పాపం ఖండప్ప కాకకు నష్టమని.

మర్నాడు శ్రీశైల్ ఫోన్ చేశాడు. నేను కార్ఖానా గేటు దగ్గర స్టూలు మీద ఉన్నాను.

"అన్నా, ముడి మార్చినవట?"

"నేను మార్చలే భాయ్. సారు మార్చిండు."

"నీ పేరు మీదనే వచ్చింది గదా. ఆఖరి మాట మారింది అని రాసిండ్రు. ఆఖరి మాట మారుతదా? మీ నాయన ముప్పై ఏండ్లు ముడేసిండు, ఒక్కసారి విప్పలే. మా తాత జెప్పెటోడు."

"అది వేరే, ఇది కంప్యూటర్..."

"జబాన్ జబానే గదన్నా. నేను నిన్న యాభై అయిదు దాక వద్దామనుకున్న. మీ నాయన మొకం జూసి ఇంకో అయిదు గూడ వేస్తుంటినేమో. ఇప్పుడైతే నాకు భయమైతుంది. ముడి మార్చినోడు పండ్లు గూడ మారుస్తడు. నాలుగు పండ్లన్నవు. ఆరు పండ్లేమో ఎవరికెర్క?"

"వచ్చి నోరు తెరిచి జూడు!"

"జూసిన, నాలుగే ఉన్నయి. గని గిప్పుడు నా మనసుల ఆరున్నయి." ఆ మీదే ధర అన్నాడు. "లక్షా యాభై. తువ్వాల గిట్ల వద్దు. నోటితోనే జెప్తున్న. ఇస్తనంటే రేపొస్త."

గేటు దగ్గర నలుగురు డ్రైవర్లు టీ తాగుతున్నారు. నా ఫోన్ స్పీకరు పాడై గట్టిగా మోగుతుంది. నలుగురూ విన్నారు. దలాలి పనిలో దిగాక నా సరుకు ధర నలుగురి ముందు నోటితో పలకడం అదే మొదటిసారి. మిగతా కొనేవాళ్లు ఆ తరవాత ఫోన్లే చేయలేదు.

ఉగాదికి ఇంకా టైమ్ ఉంది. పదివేలే తక్కువ. అనసూయమ్మ అడగకుండానే పుస్తెల తాడు మీద చెయ్యి వేసుకుంది. నేను వద్దన్నాను. "తాడొద్దంటే ముసలామె కాళ్లు వట్టుకో పో. పదివేలే గదా, మన మొకం జూసి ఇడుస్తది" అంది. నేను బండి తీసుకొని దుబల్గుండి పోయాను.

సిద్ధమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. సామాను సగం మూటలు కట్టి ఉంది. నాకు నీళ్లిచ్చింది. తాగాను.

"ఎడ్లు పోయినయా ఖండూ?"

"పోతయి పెద్దమ్మా. యాభైకి అడుగుతున్నరు. నాకు అరవై గావాలె. ఆ పది నువ్వు ఇడిస్తే రేపే సంతకాలు జేస్కుందం. రేపు కాదంటే ఎల్లుండి."

ఆమె గింజ తీసి ఇవతల వేసింది. ఇంకో గింజ తీసింది. "అరవై అన్నవట గదా ముందు. గిప్పుడు రెండు లక్షలన్నవట."

"నీకెవరు జెప్పిండ్రు?"

"నా మనమరాలు జెప్పింది జహీరాబాద్‌కెల్లి. అమ్మమ్మా మీ ఊరాయన మాట మారిందని ఫోన్ల వచ్చింది, దండం వెట్టి మరీ జెప్పిండ్రు అన్నది."

"సారు మార్చిండు పెద్దమ్మా. నాకు తెల్వదు దాని కత."

"ముడి సారుదా, నీదా?"

ముడి నాది. చెయ్యి సారుది. ఈ సంగతి కంప్యూటర్ తెలియని మనిషికి ఎట్లా చెప్పాలి?

"నీ మీద కోపం లేదు బిడ్డా" అంది. "నీకు పది ఇడిస్తే నాకేం గాదు. నేనేం దినిపోత? గని రేపు భీమ్‌రావ్ అడుగుతడు, సిద్ధమ్మా నాకొక మాట జెప్తివి, ఆయనకొక మాట జెప్తివి, నీ మాట గూడ ఖండప్ప మాట లెక్కనేనా అని. నేను పోయే ముందల గా మాట వినాల్నా? మీ నాయన ఉంటే పది గాదు, ఇరవై ఇడిసెటిదాన్ని. భీమ్‌రావ్ గూడ అడగకపోతుండె."

నీళ్ల చెంబు లోపల పెట్టి వచ్చింది. చింతపండు ఒక పొట్లం కట్టి అనసూయమ్మకివ్వమంది. తీసుకున్నాను. తీసుకోకపోతే ఆమె బాధపడుతుంది.

భీమ్‌రావ్ ఉగాది వెళ్లిన వారమే రిజిస్ట్రీ చేయించుకున్నాడు. ఎండలు ముదరకముందే గోడ పెట్టాడు. గోడ మీద తన దాబా పేరు రాయించాడు, బాణం గుర్తుతో. నా ఎడ్లు ఇప్పుడు వాగు దిగి, రెండు ఊళ్ల పొలిమేర చుట్టి చేనుకు పోతాయి. బండి పోదు. కందిని నెత్తి మీద మోస్తున్నాం. ఎడ్లు అమ్మలేదు. శ్రీశైల్ తరవాత అడిగాడు, ఇంకా తక్కువకు.

దయానంద్ ఇప్పటికీ క్లాసు చెప్తాడు. నేను ఇప్పటికీ తాళం తీస్తాను. కనిపిస్తే నమస్తే అన్నా అంటాడు. నా సంగతి కూడా పాఠంలో చేర్చాడు. దాచవలసింది పేజీలో రాయకూడదు, దాచిన డబ్బా దాచినట్టు కాదు అని చెప్పేటప్పుడు నా పేరు చెప్తాడు. కొత్తవాళ్లు వెనక్కి తిరిగి నన్ను చూస్తారు. ఆయన పేజీలో నా తునక ఇంకా ఉంది, పేరు కూడా అదే. లోపల మాత్రం "ఇక్కడ మీకు కావలసింది రాసుకోండి" అని మార్చాడు. ఎవడైనా కొత్తగా నేర్చుకుంటుంటే నేను చెప్పేది ఇంతే. ఎత్తి అతికించుకున్న తునకలో ఎవడి మాట ఉందో ముందు చదువు. నీ మాట అందులో పెట్టే ముందు దాని లోపల ఎవడు చూడగలడో మీ సారును అడుగు. సారు చప్పట్లు కొడితే మళ్లీ అడుగు.

మొన్న కూడా హుమ్నాబాద్‌లో ఒక టైర్ల దుకాణం పేజీ చూశాను. కుడి బటన్ నొక్కి లోపల చూశాను. ఇప్పుడు నాకు అలవాటైంది. అందులో నా జత ఉంది. లక్షా అరవై అనే ఉంది. ఆ దుకాణం వాడు మార్చలేదు. వాడు ఎవడో నాకు తెలియదు.

నాకు పోయింది అది కాదు. నాకు పోయింది దుబల్గుండి రోడ్డు పక్కన, సిద్ధమ్మ పేరు మీద ఉండి ఇప్పుడు భీమ్‌రావ్ పేరు మీదికి ఎక్కిన నేల. కొలిస్తే ఎనిమిది గుంటల నాలుగు అణాలు.